రాకపోతే అడిగేదెవరు?

జనవరి మొదటి వారంలో ఏ జిమ్‌కి వెళ్ళినా ట్రెడ్‌మిల్ కోసం వరసలో నిలబడాలి. ఫిబ్రవరి చివరికొచ్చేసరికి కావలసినన్ని ఖాళీలు. మధ్యలో ఏం జరిగిందో అందరికీ తెలిసిందే. ఒకరోజు ఆఫీసులో ఆలస్యం, ఒకరోజు ఇంటికి చుట్టాలు, ఒకరోజు ఊరికే బద్ధకం. ఆ తర్వాత ‘సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడదాం’ అన్న మాట. ఏడాదికి కట్టిన డబ్బు మాత్రం పోయినట్టే. దీనికి మనం పెట్టుకున్న పేరు ‘మోటివేషన్ లేకపోవడం’. అంటే విచారణ అక్కర్లేకుండానే మన మీద మనం తీర్పు చెప్పేసుకున్నామన్నమాట.

ఈ తీర్పు ఎంత పాతది? కసరత్తు వేల ఏళ్ళ నాటిది. బద్ధకం అంతకంటే పాతదే అయ్యుండాలి. కానీ ఆ బద్ధకాన్ని గెలిచే బాధ్యతంతా ఒక్క మనిషి మనసు మీద పెట్టేయడం మాత్రం ఈమధ్య సంగతే, ఓ నూట పాతికేళ్ళది. అంతకుముందు ఆ బరువు ఎవరు మోసేవాళ్ళు? అది మన భుజాల మీదకి ఎలా వచ్చింది?

రాతి మీద చెక్కిన చట్టం

ఉత్తర గ్రీసులో వెరియా అనే ఊరుంది. ప్రాచీన కాలంలో దాని పేరు బెరోయా, మాసిడోనియాలో పేరున్న పట్టణం. అక్కడ దొరికిన ఒక శాసనం మీద ఆ ఊరి జిమ్నేజియం నడపడానికి క్రీ.పూ. 2వ శతాబ్దంలో రాసుకున్న చట్టం ఉంది. జిమ్నేజియం అధికారిని ఊరే ఎన్నుకుంటుంది. అతను రోజువారీ సాధన చూసుకోవాలి, జమాఖర్చులు అప్పచెప్పాలి. మాట వినని కుర్రాళ్ళని కొట్టే హక్కు కూడా అతనికి ఉంది.

ఏడాదికోసారి హెర్మెస్ దేవుడి పేరున పండుగ, ఆ పండుగలో పోటీలు. పరుగుపందెం సరే, ఎక్కడైనా ఉండేదే. దానితోపాటు మరో మూడు బహుమతులున్నాయి. ఒళ్ళు చక్కగా తీర్చిదిద్దుకున్నవాడికి ఒకటి, క్రమశిక్షణకి ఒకటి. మూడోదాని పేరు ‘ఫిలోపోనియా’. ‘పోనోస్’ అంటే శ్రమ, కష్టం. ఫిలోపోనియా అంటే శ్రమ మీద ఇష్టం. దీన్ని ఇవ్వడానికి అధికారి చూడాల్సింది ఎవరు బలవంతుడన్నది కాదు, ఆ ఏడాది ఎవరు ఎక్కువ పట్టుదలగా సాధన చేశారన్నది. గెలిచినవాడు ఆ రోజంతా తలమీద ఆకుల కిరీటం పెట్టుకుని తిరగొచ్చు.

శ్రమ మీద ఇష్టం దానంతటది పుట్టదని బెరోయా పెద్దలకి తెలుసు. అందుకే దాన్ని పుట్టించే పని ఊరు నెత్తికెత్తుకుంది: పండుగ పెట్టింది, కిరీటం పెట్టింది, బెత్తం కూడా పెట్టింది. ఊరికి సైనికులు కావాలి, పౌరులు కావాలి. కుర్రాడు సాధనకి రాకపోవడం అతని సొంత వ్యవహారం కాదు.

అయితే అదే రాతి మీద ఇంకో జాబితా ఉంది. బానిసలు లోపలికి రాకూడదు. విడుదలైన బానిసలు, వాళ్ళ కొడుకులు రాకూడదు. బజారులో వ్యాపారం చేసుకునేవాళ్ళు రాకూడదు. రాకపోతే అడిగేవాడు ఉన్న చోటే, రావద్దని ఆపేవాడూ ఉన్నాడు. ఈ రెండూ జంటగా చాలాకాలం నడిచాయి.

గోదా మట్టి

మనవైపు దీన్ని ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలిచారు: తాలింఖానా, గరిడీ, అఖాడా. తెలంగాణలో చాలామంది నోట ఉత్త ‘తాలీమ్’. లోపల దండీలు, బస్కీలు, లోడీలు తిప్పడం, గుండు ఎత్తడం, కర్రసాము, కుస్తీ. గోడ మీద ఆంజనేయస్వామి పటం, లేకపోతే హజ్రత్ అలీ పేరు. కొన్నిచోట్ల రెండూ.

ఈ చోటుని కొంచెం దగ్గర్నుంచి చూస్తే, మనిషి రోజూ రావడానికి కావలసిన ఏర్పాట్లన్నీ అందులోనే ఇమిడి ఉన్నాయని తెలుస్తుంది. గోదాలో మట్టి గట్టిపడకూడదు, రోజూ పారతో తిరగెయ్యాలి. ఆ పని కసరత్తులో భాగం. ఒకడు రాకపోతే వాడి వంతు మట్టి ఇంకొకడు తవ్వాలి. కుస్తీకి జోడీ కావాలి, ఒంటరిగా కుదిరే విద్య కాదు. నువ్వు మానేస్తే ఎదుటివాడి సాధన కూడా ఆగుతుంది. ఉస్తాద్ ఉంటాడు, ఆయనకి మొహం చూపించాలి. పీర్ల పండుగో, దసరానో, ఊరి జాతరో దగ్గరపడుతూ ఉంటుంది. ఆ రోజు నలుగురి మధ్య కర్ర తిప్పాలి. పొరుగు వీధి తాలీమ్‌వాళ్ళు చూస్తుంటారు.

ఇందులో ‘ఇవాళ వెళ్ళాలనిపిస్తోందా?’ అనే ప్రశ్నకి పెద్దగా చోటు లేదు. పొలం పని, గుడి పూజ ఎలాగో ఇదీ అలాగే.

తెలుగువాళ్ళ మల్లవీరుల్లో అందరికీ తెలిసిన పేరు కోడి రామమూర్తి నాయుడు (1882–1942). ఇప్పటి వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగాడు. ఛాతీకి చుట్టిన గొలుసు ఊపిరి బిగబట్టి తెంచేవాడని, రొమ్ము మీద ఏనుగుని నిలబెట్టుకునేవాడని చెప్పుకుంటారు. ‘కలియుగ భీమ’ అన్నారు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. ఇక్కడ మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. సర్కస్‌వాడి సాధనకి గడువు రోజూ సాయంత్రమే. టికెట్టు కొనుక్కున్న జనం ఎదురుగా కూర్చుని ఉంటారు. గొలుసు తెగాల్సిందే.

తాలీమ్‌ని తలుచుకుని మరీ మురిసిపోవక్కర్లేదు. ఆ గుమ్మం ఆడవాళ్ళకి దాదాపు మూసే ఉండేది. కులం గీత చాలా ఊళ్ళలో గోదా చుట్టూ కూడా ఉండేది. బెరోయా జాబితా లాంటిది మన దగ్గర ఏ రాతి మీదా చెక్కలేదు, చెక్కే అవసరం రాలేదు.

లండన్‌లో రెండు ఇళ్ళు

కథ మలుపు తిరిగింది విక్టోరియా కాలం లండన్‌లో. అప్పట్లో అక్కడ మనిషి ఒంటిని పనిలో పెట్టే చోట్లు రెండు రకాలు.

మొదటిది జైలు. విలియం క్యూబిట్ అనే ఇంజినీరు 1818లో ఖైదీల కోసం ఒక పెద్ద చక్రం తయారుచేశాడు. దాని చుట్టూ మెట్లుంటాయి. ఖైదీలు వరసగా నిలబడి ఎక్కుతూ ఉండాలి. ఎంత ఎక్కినా ఉన్నచోటే ఉంటారు. దాని పేరు ట్రెడ్‌మిల్. కొన్నిచోట్ల అది ధాన్యం దంచేది, నీళ్ళు తోడేది. చాలాచోట్ల ఏమీ చేసేది కాదు, గాలిని తిప్పేదంతే. 1895లో రెండేళ్ళ కఠినశిక్ష పడిన ఆస్కార్ వైల్డ్ కూడా ఆ చక్రం ఎక్కాడు. 1898 చట్టం తర్వాత అది జైళ్ళ నుంచి తప్పుకుంది. పేరు మాత్రం మిగిలింది.

రెండోది 1897లో సెయింట్ జేమ్స్ వీధిలో తెరుచుకున్న వ్యాయామ సంస్థ. దాని యజమాని యూజెన్ శాండో. 1867లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టినవాడు, అసలు పేరు ఫ్రీడ్రిచ్ ముల్లర్. వేదికల మీద బరువులెత్తి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత అసలైన వ్యాపారం బరువుల్లో లేదని, తనలా కావాలనుకునే గుమాస్తాల్లో, దుకాణదారుల్లో ఉందని కనిపెట్టాడు. పుస్తకాలు రాశాడు, 1898లో పత్రిక పెట్టాడు, పోస్టులో పాఠాలు పంపాడు. 1901 సెప్టెంబరులో రాయల్ ఆల్బర్ట్ హాలులో ఒంటి సౌష్ఠవానికి పోటీ పెట్టాడు. న్యాయనిర్ణేతల్లో ఒకరు షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్.

శాండో చెప్పిన కొత్త మాట ఒకటుంది: కండ పెరిగేది బరువుతో కాదు, మనసు లగ్నం చెయ్యడంతో. ఆ మాటకి తగ్గ సరుకు కూడా అమ్మాడు. అతని డంబెల్ రెండు చెక్కలుగా ఉండి మధ్యలో స్ప్రింగులు ఉండేవి. పిడికిలి బిగించి ఆ రెండు చెక్కల్నీ కలిపి పట్టుకోవాలి, ధ్యాస మళ్ళితే విడిపోతాయి. ఇంట్లో, ఒంటరిగా, అద్దం ముందు చేసుకునే కసరత్తు అది. ఉస్తాద్ లేడు, జోడీ లేదు, తవ్వాల్సిన మట్టి లేదు. ఉన్నదల్లా సంకల్పం. చేస్తే ఘనత నీది. మానేస్తే తప్పూ నీదే.

శాండో 1904–05లో మన దేశం వచ్చి ప్రదర్శనలిచ్చాడు. ఎంత ముద్ర వేశాడంటే, దక్షిణాదిలో చేతుల్లేని బనియన్‌కి ఇప్పటికీ అతని పేరే. శాండో బనియన్ అని కొట్లో అడిగేవాళ్ళలో చాలామందికి శాండో ఒక మనిషని తెలియదు. బెంగళూరులో కె. వి. అయ్యర్ హెర్క్యులస్ జిమ్నేజియం పెట్టి, శాండో తరహాలోనే పోస్టులో పాఠాలు పంపాడు. డంబెల్స్‌తోపాటు యోగాసనాలు కూడా నేర్పాడు. తాలీమ్‌కి పోలేని, పోవడానికి ఇష్టపడని చదువుకున్న కుర్రాడికి ఇదొక కొత్త దారి.

అది మంచి దారి కూడా. పోస్టులో వచ్చే పాఠం కులం అడగదు. గది తలుపేసుకుని ఎవరైనా చేసుకోవచ్చు. అడిగేవాడు పోయినప్పుడు ఆపేవాడు కూడా పోయాడు. ఈ లాభాన్ని తక్కువ చెయ్యకూడదు. ఇవాళ మన నగరాల్లో ఒక అమ్మాయి పొద్దున్నే జిమ్‌కి వెళ్ళి, ‘నువ్వెవరు, ఎవరింటి పిల్లవి’ అనే ప్రశ్న లేకుండా బరువులెత్తి ఇంటికి రాగలుగుతోందంటే, ఆ గుమ్మం ఇలాగే తెరుచుకుంది.

రానివాళ్ళ చందా

శాండో సంకల్పాన్ని అమ్మితే, అతని తర్వాత వచ్చినవాళ్ళు అది లేకపోవడాన్ని అమ్మారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో విక్ టానీ అనే ఆయన తివాచీలు, అద్దాలు, రంగురంగుల గోడలతో జిమ్‌ల గొలుసు కట్టాడు. వాయిదాల మీద దీర్ఘకాలపు సభ్యత్వాలు అమ్మాడు. ఆ కంపెనీ 1960ల మొదట్లో కూలిపోయింది, పద్ధతి మాత్రం బతికింది: డబ్బు ముందు, రావడం తర్వాత.

ఈ పద్ధతిలోని లెక్కని ఇద్దరు ఆర్థికవేత్తలు, స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్, 2006లో బయటపెట్టారు. మూడు అమెరికన్ జిమ్‌లలో 7,752 మంది సభ్యుల మూడేళ్ళ హాజరు చూశారు. నెలకి 70 డాలర్ల పైన చందా కడుతున్నవాళ్ళు నెలకి సగటున 4.3 సార్లే వస్తున్నారు. అంటే వచ్చిన ప్రతిసారికీ 17 డాలర్లకి పైనే పడుతోంది. అదే జిమ్‌లో పదిసార్లకి పాసు కొనుక్కుంటే సారికి 10 డాలర్లే. ఆ వ్యాసం పేరు తెలుగులో చెప్పాలంటే, ‘జిమ్‌కి వెళ్ళకుండా ఉండటానికి డబ్బు కట్టడం’.

వాళ్ళేం లెక్కలు రానివాళ్ళు కాదు. తాము తరచుగా వెళ్తామని నమ్మి కట్టారు. రేపటి మనిషి ఇవాళ్టి మనిషికంటే గట్టివాడని మనందరికీ ఓ నమ్మకం ఉంటుంది కదా, దాని ధర అది.

ఇక్కడే తాలీమ్‌కీ జిమ్‌కీ అసలు తేడా కనిపిస్తుంది. ఒకడు రాకపోతే తాలీమ్‌కి నష్టం: మట్టి గట్టిపడుతుంది, జోడీ చెడుతుంది, పండుగనాడు వీధి పరువు పోతుంది. ముందే డబ్బు తీసుకున్న జిమ్‌కి రానివాడు లాభం. అతని కరెంటు ఖర్చు లేదు, అతను ఖాళీగా వదిలిన యంత్రం మీద ఇంకొకరుంటారు. సభ్యులంతా ఒక్కరోజు నిజంగా వచ్చేస్తే చాలా జిమ్‌లలో నిలబడే చోటుండదు. నీ రాకని కోరుకునే చోట నిలకడగా ఉండటం ఒక పని. నువ్వు రాకపోయినా బాగానే నడిచే చోట ఉండటం ఇంకో పని. రెండింటికీ కావలసిన సంకల్పం ఒకటే అనుకుని మనల్ని మనం తిట్టుకుంటున్నాం.

నిన్న రాలేదేం?

మనవాళ్ళకి నియమం చేతకాదు అనేవాళ్ళు కార్తీకమాసంలో బయటికొచ్చి చూడాలి. ఆరింటికి అలారం కట్టేసి పడుకునే మనిషే 41 రోజులు చీకటితో లేచి చన్నీళ్ళు పోసుకుంటాడు. చెప్పుల్లేకుండా నడుస్తాడు, నేల మీద పడుకుంటాడు. భక్తి ఉంది, నిజమే. దానితోపాటు నల్లబట్టలున్నాయి, మెడలో మాల ఉంది, ఆఫీసులో మేనేజరు దగ్గర్నుంచి ఆటో అతని వరకు ‘స్వామీ’ అని పిలిచే ఊరుంది. గురుస్వామి ఉన్నాడు, కలిసి బయల్దేరాల్సిన బృందం ఉంది, తేదీ ఉంది. మాల తీసిన మర్నాడు అతని సంకల్పం ఏమీ కరిగిపోదు. చుట్టూ ఉన్న ఏర్పాటు తీసేశారంతే.

2021లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఇదే విషయాన్ని ఇంకోవైపు నుంచి చూపిస్తుంది. కేథరిన్ మిల్క్‌మన్, ఆమె సహచరులు ఒక అమెరికన్ జిమ్ సంస్థకి చెందిన 61,293 మంది సభ్యుల మీద, మనుషుల్ని రప్పించడానికి 54 రకాల ఉపాయాలు నాలుగేసి వారాలు ప్రయోగించి చూశారు. దాదాపు సగం పథకాలు హాజరుని 9 నుంచి 27 శాతం దాకా పెంచాయి. నాలుగు వారాలు ముగిశాక కూడా గుర్తించదగ్గ ప్రభావం మిగిలింది 8 శాతం పథకాలకే. ఏర్పాటు పోతే అలవాటూ చాలావరకు పోతుంది. అన్నింటిలోకీ బాగా పనిచేసిన ఉపాయం చాలా చిన్నది: ఒకరోజు మానేసినవాడు మళ్ళీ వస్తే, వచ్చినందుకు కాస్త ఎక్కువ బహుమతి. ఆ బహుమతి విలువ కొన్ని సెంట్లే.

బెరోయా కిరీటం ఏడాది పొడుగునా పట్టుదలగా సాధన చేసినవాడికి. ఈ కొన్ని సెంట్లు, తప్పిపోయి తిరిగొచ్చినవాడికి. మనలో ఎక్కువమంది రెండో రకం.

పాత తాలీమ్‌ని మళ్ళీ కట్టలేం, దాని గోడలతో సహా కట్టాలని కోరుకోనూ కూడదు. ఎవరినీ ఆపని గుమ్మం, రాకపోతే అడిగే మనిషి, ఈ రెండూ ఒకేచోట దొరకడం చరిత్రలో అరుదు. కానీ అసాధ్యమేం కాదు. మన ఊళ్ళలో పార్కుల్లో తెల్లవారకముందే నడిచే వాకర్స్ సంఘాల్ని చూడండి. అక్కడ అద్దాలు లేవు, యంత్రాలు లేవు. రిటైరైన మాస్టారు, మందుల షాపు యజమాని, బ్యాంకులో పనిచేసే ఆవిడ. నడక ఎంత వేగంగా సాగిందో ఎవరూ కొలవరు. ఎవరి పుట్టినరోజో గుర్తుపెట్టుకుంటారు, ఆ పూట టీ ఆ మనిషి ఖర్చు. నాలుగు రోజులు కనిపించకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఐదో రోజు వస్తే, నడక ఆపకుండానే అడుగుతారు:

‘ఏమండీ, నిన్న కూడా రాలేదేం?’