ఆర్మేనియన్ జనరల్ బెనెవొలెంట్ యూనియన్

ప్రవాస ఆర్మేనియన్లు నడిపే ధార్మిక సంస్థల్లో పేరెన్నికగన్న ఈ యూనియన్ 1906 ఏప్రిల్ 15న కైరోలో ఏర్పడింది. స్థాపకుల్లో ముఖ్యుడు బోఘోస్ నూబార్ పాషా. ఈజిప్టు తొలి ప్రధానమంత్రి నూబార్ పాషా ఆయన తండ్రి. అప్పటికి ఆర్మేనియా పేరుతో స్వతంత్ర దేశం లేదు. ఆర్మేనియన్ల పుట్టిన నేల ప్రధానంగా ఒట్టోమన్, రష్యా సామ్రాజ్యాల ఏలుబడిలో ఉంది. వర్తకం కోసం వెళ్లినవారు మాత్రం ఎన్నో దేశాల్లో స్థిరపడ్డారు. ఆర్మేనియన్ భాషలో తొలి పత్రిక 'అజ్దరార్' 1794లో మన మద్రాసులోనే వెలువడింది.

ఒట్టోమన్ తూర్పు రాష్ట్రాల్లో 1894-96 నాటి మారణకాండలతో చితికిపోయిన రైతులకు విత్తనాలు, పశువులు, పనిముట్లు ఇవ్వడం, బడులు నడపడం యూనియన్ తొలి కార్యక్రమం. రాజకీయాల జోలికి పోకూడదని నియమావళిలోనే రాసుకున్నారు. దానం చేసి ఊరుకోకుండా బతుకుతెరువు చూపాలన్నది బోఘోస్ నూబార్ ఆలోచన. కానీ 1909లో అదానా ప్రాంతంలో సుమారు 20 వేల మంది ఆర్మేనియన్లు హతులయ్యారు. సేద్యం మాట వెనకబడి, తిండి, గూడు, అనాథల పోషణ ముందుకొచ్చాయి.

ఒట్టోమన్ సామ్రాజ్యంలో 1915లో మొదలైన ఆర్మేనియన్ల జాతి నిర్మూలన తర్వాత ఆ రైతుల పల్లెలే మిగల్లేదు. ముసా దాగ్ కొండపై ప్రతిఘటించి ఫ్రెంచి యుద్ధనౌకల్లో తప్పించుకున్న నాలుగు వేల పైచిలుకు జనం ఈజిప్టులోని పోర్ట్ సయీద్ చేరితే, ఆ శిబిరంలో యూనియన్ బడి తెరిచింది, చేతిపనులు నేర్పించింది. సిరియా, లెబనాన్‌లలో అనాథలను సాకింది. సంస్థ కేంద్ర కార్యాలయం 1920ల ఆరంభంలో పారిస్‌కు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో న్యూయార్క్‌కు మారింది.

ఇక స్వదేశం అనదగ్గది 1920 డిసెంబరులో బోల్షెవిక్కుల చేతికి వచ్చిన చిన్న సోవియట్ ఆర్మేనియా ఒక్కటే. యూనియన్ చరిత్రలో ఆసక్తికరమైన ఘట్టం ఇదే. దాతలు సంపన్నులు, వ్యాపారులు. సాయం అందుకునేది వర్గ శత్రువుల పేరెత్తితే మండిపడే ప్రభుత్వం. అయినా ఇద్దరికీ అవసరం ఉంది: అక్కడ శరణార్థులు కిక్కిరిసి ఉన్నారు, ఖజానా ఖాళీ. యెరెవాన్ శివారులో శరణార్థుల కోసం యూనియన్ నిధులతో 1930లో ఓ కొత్త ఊరికి పునాది పడింది. దాని పేరు నూబారాషెన్. సోవియట్ నేలపై ఒక పాషా పేరిట ఊరు వెలియడం చిన్న వింత కాదు. అదే ఏడాది నూబార్ కన్నుమూశారు. స్టాలిన్ అణచివేత ముదిరిన 1937లో సోవియట్ ఆర్మేనియాలో యూనియన్ కార్యకలాపాలకు తెరపడింది. ఊరి పేరు సొవెతాషెన్ అయింది.

యుద్ధానంతరం ప్రవాసులను తిరిగి రమ్మని సోవియట్ ప్రభుత్వం పిలిచినప్పుడు, 1946-48లో దాదాపు 90 వేల మంది తరలివెళ్లారు. వారి ప్రయాణాలకు, స్థిరనివాసానికి యూనియన్ చందాలు పోగుచేసింది. వచ్చినవారిలో కొందరిని 1949లో సైబీరియా వైపు ఆల్తాయ్‌కి బలవంతంగా తరలించారు. సదుద్దేశంతో చేసిన సాయానికి ఇంతటి చేదు ఫలితం యూనియన్ చరిత్రలో అరుదు. 1953 నుంచి 1989 వరకు యూనియన్ అధ్యక్షుడిగా ఉన్న అలెక్స్ మనూగియన్ అమెరికాలో ఒకే పిడి కుళాయిలతో సంపద గడించిన పారిశ్రామికవేత్త.

1988 డిసెంబరు 7న స్పితాక్ భూకంపంలో సుమారు 25 వేల మంది చనిపోయారు, 5 లక్షల మంది నిరాశ్రయులయ్యారు. మాస్కో విదేశీ సాయానికి తలుపులు తెరవడంతో యూనియన్ నేరుగా ఆర్మేనియాలో అడుగుపెట్టగలిగింది. అధ్యక్ష పదవి అలెక్స్ నుంచి ఆయన కుమార్తె లూయిస్ మనూగియన్ సైమన్‌కు అందింది. 1991లో ఆర్మేనియాకు స్వాతంత్ర్యం వచ్చినా, కరబాఖ్ ప్రాంతం కోసం అజర్‌బైజాన్‌తో యుద్ధం, అజర్‌బైజాన్, టర్కీల దిగ్బంధం వల్ల చలికాలాల్లో రోజుకు గంటో రెండు గంటలో కరెంటు ఉండేది. ఆ గడ్డు రోజుల్లో యూనియన్ వృద్ధులకు ఉచిత భోజనశాలలు నడిపింది, చర్చితో కలిసి పిల్లల కేంద్రాలు తెరిచింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తోడ్పాటుతో 1991లోనే యెరెవాన్‌లో మొదలైన అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ ఆర్మేనియాకు అండగా నిలిచింది. నూబారాషెన్‌కు పాత పేరు తిరిగి వచ్చింది. ఇప్పుడది నగరంలో ఒక జిల్లా.

2020లో కరబాఖ్ కోసం 44 రోజుల యుద్ధం, 2023 సెప్టెంబరులో అక్కడి నుంచి లక్షమందికి పైగా ఆర్మేనియన్లు ఆర్మేనియాకు తరలిరావడం యూనియన్‌ను మళ్లీ అత్యవసర సాయం వైపు నడిపించాయి.