విత్తనపుట్టిక సాక్ష్యము: అనంతపుర మెట్టసేద్యమున పంటల మార్పు

వాన కురియనినాడు రాయలసీమ రైతు ఆకాశమువంక చూచుచు కూర్చుండెనను మాట మన చరిత్రరచనలలో తఱచు వినవచ్చును. అతని విత్తనపుట్టికను చూచినవారు ఇట్లు వ్రాయజాలరు.

అనంతపుర ప్రాంతమున ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును; తూర్పుతీరపు తుపానులు ఇంతదూరము చేరునప్పటికి బలముడుగును. ఎఱ్ఱనేలలు పలుచనివి, తేమను నిలుపలేవు. కావున పూర్వులు ఒక్క పంటను నమ్మలేదు. కొఱ్ఱ, జొన్న, సజ్జలతో కంది, అలసంద, ఆముదములను సాళ్లుగా కలిపి విత్తిరి. కొఱ్ఱ మూడునెలలలో చేతికి వచ్చును. కంది ఆఱునెలలు నిలిచి కడపటి వానను అందుకొనును. 1876-78 నాటి ధాత కఱవునకు ఈ ఏర్పాటు చాలలేదనుట నిజమే. అట్టి ఉపద్రవమునకు ఏ విత్తనమును చాలదు.

విత్తుటకు కార్తెలు ప్రమాణము. కార్తె సూర్యుని నక్షత్రగతిని అనుసరించునే గాని ఋతువును గాదు. అయనచలనముచేత సుమారు 70 ఏండ్లకు ఒక దినము చొప్పున ఋతుచక్రమున ఆలస్యమగును. విజయనగర స్థాపనకాలమున, 1336 ప్రాంతమున, మృగశిర నేటికంటె సుమారు పదిదినములు ముందే ప్రవేశించెడిది. అయినను సేద్యము నిలిచినది. ఏలయన రైతు కార్తెపేరు చెప్పినను పదును చూచియే గొర్రు కట్టెను.

ఇరువదవ శతాబ్దమున ఈ క్రమము మారెను. వేరుసెనగ (సీమవాసులు బుడ్డలందురు) నూనెమిల్లుల గిరాకిచే వ్యాపించి, 1990 దశకమునాటికి జిల్లా సాగులో అధికభాగము నాక్రమించెను. దీనిని రైతు పేరాస యని నిందించుట అన్యాయము. అది రొక్కమిచ్చును, తొలిదశలో ఎండ నోర్చును, దాని కట్టె పశువులకు మేత. కాని ఊడలు నేలలోనికి దిగి కాయ ఊరువేళ పదునులేనిచో దిగుబడి కూలును. తిండివనమున 1940లో విడుదలైన టి.ఎం.వి.-2 చిరకాలము ఈ చేలనేలెను. 2000 తరువాత కదిరి పరిశోధనాకేంద్రపు కదిరి-6 వచ్చెను. రకము మారెను గాని, నష్టమును పంచుకొను తోడుపైరు చేనిలో కొఱవడెను.

భూతాపము పెరుగుచున్న ఈ కాలమున తోడుపైరు మరల వచ్చుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఆరంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమున, తొలకరికి ముందే పలువిధముల విత్తులకు మన్ను పట్టించి పొడినేలలో చల్లుచున్నారు. పద్ధతి కొత్తది, పలువిత్తుల ఆలోచన పాతది. ఏ విత్తు ఎంతపాలు కలిపిరో ముదుసలులనడిగి వ్రాసికొనవలసిన పని పరిశోధక విద్యార్థులదే. శాసనములు పొలముల ఎల్లలు చెప్పును గాని ఆ పాళ్లు చెప్పవు.