రెండు పెట్టెలు, ఒక్క చీటీ

ఇట్రండి, మంటకి కాస్త దగ్గరగా జరగండి. చిన్నాడి టోపీ చెవుల మీదకి లాగమ్మా, మంచు పడుతోంది. భోగి ఇంకా రెండు రోజులుంది, ఆ పిడకల దండ జోలికి మాత్రం పోకండి. ఈ కొబ్బరి మట్టలు చాలు మనకి.

నేను చూసిన మొదటి ఎలక్షన్ ఏదని కదరా అడిగావు? చూసిందే గానీ వేసింది కాదు. అప్పటికి నాకు పదకొండేళ్లు. ఆ రోజుల్లో ఇరవై ఒకటి నిండితే గానీ ఓటు లేదు. 1955, ఫిబ్రవరి నెల. ఆంధ్రప్రదేశ్ ఇంకా పుట్టనేలేదు. మద్రాసు నుంచి విడిపోయి 1953 అక్టోబరు 1న మనకి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని. అక్కడ చాలినన్ని ఇళ్లు లేక గుడారాల్లో ఆఫీసులు పెట్టారు. ప్రకాశం పంతులు గారు మొదటి ముఖ్యమంత్రి. ఏడాది తిరిగిందో లేదో మద్యనిషేధం గొడవ ముదిరింది. కల్లుగీత వాళ్ల బతుకులు ఏం కావాలని లచ్చన్న గారి లాంటి వాళ్లు పట్టుబట్టారు. అసెంబ్లీలో అవిశ్వాసం పెడితే పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక్క ఓటు! ఆ మాట విన్న దగ్గర్నుంచీ మా అమ్మకి ఓటంటే భయమూ భక్తీ రెండూ పుట్టుకొచ్చాయి. అంతవరకూ ఓటంటే మగవాళ్లు చెబితే వెళ్లి వేసి వచ్చే పని అనుకునేది పాపం.

మా ఇంటి సంగతి చెప్పాలి ముందు. నాన్నగారు ఖద్దరు మనిషి. ఉప్పు సత్యాగ్రహం నాటి నుంచీ కాంగ్రెసే. అమ్మ తమ్ముడు, మా మావయ్య, పార్టీ మనిషి. పార్టీ అంటే కృష్ణా జిల్లాలో అప్పుడు ఒకటే పార్టీ, కమ్యూనిస్టు పార్టీ. మిగతావాటికి పేర్లు చెప్పేవాళ్లు, దీన్ని మాత్రం ఉత్తినే పార్టీ అనేవాళ్లు. 1949లో కాటూరు, యలమర్రు ఊళ్ల మీద పోలీసులు పడి మగవాళ్లని బట్టలూడదీసి, కొట్టి, గాంధీ బొమ్మ చుట్టూ తిప్పారు. ఆ రోజుల్లోనే మావయ్య మా గడ్డివాములో పదకొండు రాత్రులు దాక్కున్నాడు. అమ్మ పశువులకి కుడితి పెట్టే వంకతో వెళ్లి, తపేలా అడుగున అన్నం ముద్దలు పెట్టి ఇచ్చేది. నాన్నగారికి తెలుసు. తెలిసీ ఒక్క మాట అనలేదు. ఒకరోజు రాత్రి మాత్రం, "ఊరగాయ కూడా పెట్టవే, ఉత్త అన్నం ఎలా తింటాడు" అన్నారు.

1952 ఎన్నికల్లో మద్రాసు అసెంబ్లీకి మన తెలుగు జిల్లాల నుంచి కమ్యూనిస్టులు నలభై మందికి పైగా గెలిచారు. కాంగ్రెసుకి సమఉజ్జీగా నిలబడ్డారు. అందుకని 1955లో రాజ్యం మనదే అని మావయ్య వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం ఉత్తది కాదురా. ఊరూరా బుర్రకథలు, పాటలు. పెట్రోమాక్స్ దీపాల కింద జనం తెల్లవారుదాకా కూచునేవాళ్లు. నాజర్ గారి బుర్రకథ అంటే రెండు కోసుల దూరం నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. రాజ్యసభలో ఉన్న సుందరయ్య గారు అసెంబ్లీకి గన్నవరంలో నిలబడ్డారు. ఆయన సంగతి మీకు తెలియాలి. నెల్లూరు జిల్లా అలగానిపాడులో కలిగిన రెడ్ల బిడ్డ. పేరులోంచి రెడ్డి తీసేశాడు, తన వాటా ఆస్తి పార్టీకి ఇచ్చేశాడు, పిల్లలు పుడితే మనసు ఇంటి మీదకి పోతుందని పిల్లలే వద్దనుకున్నారు ఆయనా లీలమ్మ గారూ. ఇలాంటి మనిషిని చూసి మావయ్య లాంటి కుర్రాళ్లు ఇల్లూ వాకిలీ మరిచిపోయారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం లేదు.

అయితే అవతలి వాళ్లు ఈసారి ఊరుకోలేదు. కాంగ్రెసు, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం గారి వైపు ప్రజాపార్టీ కలిసి ఐక్య సంఘటన కట్టాయి. అంతకు ముందు ముగ్గురు నలుగురు నిలబడి ఓట్లు చీల్చుకుంటే మధ్యలోంచి కమ్యూనిస్టులు నెగ్గేవాళ్లు. ఇప్పుడు చాలా చోట్ల ముఖాముఖీ పోటీ. బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్ గారు వచ్చి కూచుని నడిపించారు. ఆంధ్రప్రభలో నార్ల వారు కలం ఝళిపించారు, పార్టీ వైపు నుంచి విశాలాంధ్ర పత్రిక. మా అరుగు మీద ఈ చివర నాన్నగారు ఒకటి, ఆ చివర మావయ్య ఒకటి పట్టుకుని, నోళ్లతో కాదు, పేపర్లతో పోట్లాడుకునేవాళ్లు. ఆ జనవరిలోనే ఆవడి కాంగ్రెసులో నెహ్రూ గారు సామ్యవాద తరహా సమాజం మా లక్ష్యం అన్నారు. దాంతో మావయ్య చేతిలో సగం అస్త్రం పోయింది. మిగతా సగం రష్యా వాళ్లే పోగొట్టారు. అక్కడి ప్రావ్దా పత్రిక సరిగ్గా జనవరి 26న నెహ్రూ గారి విధానాలని మెచ్చుకుంటూ రాసింది. కాంగ్రెసు వాళ్లు దాన్ని అచ్చు వేయించి ఇంటింటికీ పంచారు. మావయ్య ఆ కాగితం తిరగేసీ బోర్లేసీ చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. అంత మాటకారి మనిషి నోరు మూసుకోవడం నేను అదే చూడటం.

ఆ మట్ట కొంచెం ముందుకి తొయ్యి నాన్నా. ఆఁ.

ఇక ఓట్ల రోజు. మా ఊరి బళ్లోనే. అమ్మ తలంటు పోసుకుని, పెళ్లిళ్లకి కట్టే చీర పక్కన పెట్టి, నీలం నేత చీర కట్టింది. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నన్ను వెంట తీసుకెళ్లింది. ఆడవాళ్ల వరస కానుగ చెట్టు దాకా ఉంది. మా పాలేరు పెళ్లామూ, మునసబు గారి కోడలూ ఒకే వరసలో ముందూ వెనకా నిలబడ్డారు. అప్పటికి అది వింతే. మునసబు గారి కోడలు పక్కకి జరగబోతే, వరస తప్పితే మళ్లీ చివరికి వెళ్లాలమ్మా అన్నాడు అక్కడి జవాను. ఆవిడ మళ్లీ వచ్చి నిలబడింది.

లోపల ఆఫీసరు అమ్మని, భర్త పేరు చెప్పమ్మా అన్నాడు. మొగుడి పేరు నోటితో అనేవాళ్లా అప్పుడు? అమ్మ తల వంచుకుని మోచేత్తో నన్ను పొడిచింది. నేను గట్టిగా నాన్నగారి పేరు చెప్పాను. ఆయన నవ్వి, అమ్మ ఎడమచేతి చూపుడు వేలికి సిరా పెట్టి, రూపాయి నోటంత చీటీ ఇచ్చాడు. ఇప్పటిలా మీట నొక్కడమూ, ముద్ర గుద్దడమూ, ఏమీ లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద వాళ్ల గుర్తు అంటించి ఉంటుంది. చాటుకి వెళ్లి, నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావడమే. చదువు రాని వాళ్లకి ఇంతకంటే సులువైన ఏర్పాటు ఏముంటుంది చెప్పండి? ఆయన ఇంకో మాట అన్నాడు: "ఎందులో వేశావో ఎవరికీ చెప్పక్కర్లేదమ్మా. ఎవరికీ."

అమ్మ గోనెపట్టా తెర వెనక్కి వెళ్లింది. నేను ఇవతల, తమ్ముణ్ణి చంకలో వేసుకుని నిలబడ్డాను. ఎంతసేపు ఉందనుకున్నారు! వెనకవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. తెర కింద అమ్మ పాదాలు కనబడుతున్నాయి. ఒకసారి ఎడమకి నడిచాయి, ఆగాయి. మళ్లీ కుడికి వచ్చాయి. మెట్టెలు నేల మీద టక్కున మోగాయి. మళ్లీ ఆగాయి. తర్వాత అమ్మే చెప్పింది, ఇంకా ఎన్ని పెట్టెలున్నాయో గానీ తన కంటికి ఆనినవి రెండేనట. ఒకదాని మీద కాడెద్దులు, రెండోదాని మీద కంకీ కొడవలి. ఒకటి మొగుడు, రెండోది తమ్ముడు. గడ్డివాములో అన్నం పెట్టినప్పుడు ఇద్దరికీ సరిపోయింది. చీటీ మాత్రం ఒక్కటే ఉంది.

ఫలితాల రోజుల్లో పంచాయతీ రేడియో దగ్గర ఊరంతా కూచుంది. గన్నవరంలో సుందరయ్య గారు నెగ్గారన్న కబురు రాగానే మావయ్య వాళ్లు డప్పులు తెచ్చారు. మావయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిరిగాడు. ఆ తర్వాత ఒక్కో కబురూ వస్తుంటే డప్పులు ఒకటొకటే ఆగిపోయాయి. కంచుకోటలనుకున్న ఊళ్లు పోయాయి. మా చోటా ఎద్దులే గెలిచాయి. మొత్తం 196 స్థానాలకి కాంగ్రెసుకి 119, దాని తోడు వాళ్లతో కలిపితే 146. కమ్యూనిస్టులకి 15. పదిహేనే! మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు, సంజీవరెడ్డి గారు ఉప ముఖ్యమంత్రి.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఈ ముచ్చట చెప్పేవాళ్లంతా ఆ పదిహేను దగ్గరే ఆపేస్తారు. ఓట్ల లెక్క చూస్తే నూటికి ముప్పై ఒకటి కమ్యూనిస్టులకే పడ్డాయి. కాంగ్రెసుకి విడిగా నూటికి ముప్పై తొమ్మిది. ముగ్గురు ఓటర్లలో ఇంచుమించు ఒకరు కంకీ కొడవలి పెట్టె వెతుక్కుని మరీ చీటీ వేశారు. అసెంబ్లీలో మాత్రం పదముగ్గురిలో ఒక్కరు. మావయ్య అరుగు మీద సుద్దముక్కతో ఈ లెక్క వేస్తూ కూచున్నాడు. వేస్తాడు, చెరుపుతాడు, మళ్లీ వేస్తాడు. "అక్కా, ఇంతమంది ఎటు పోయారే?" అన్నాడు అమ్మతో. అమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఓడిన వాడికి కోపం వస్తుంది, ఏడుపొస్తుంది. మావయ్యకి వచ్చింది అది కాదు. తనతో నడిచిన వాళ్లు కళ్ల ముందే లెక్కలోంచి జారిపోతే చేత్తో పట్టుకోవాలని చూసినట్టు ఉండేది ఆ మొహం.

నాన్నగారు ఆ సాయంత్రం కాంగ్రెసు ఊరేగింపు మా ఇంటి ముందు నుంచి రాకుండా కాలవగట్టు మీదుగా తిప్పించారు. తర్వాత వచ్చి అరుగు మీద మావయ్య పక్కన కూచున్నారు. ఆయన గెలిచాడు కదా, మాట్లాడతాడేమో అని మేమంతా బిక్కుబిక్కుమంటూ చూశాం. చాలాసేపటికి, "మినుములు ఎప్పుడు పీకిస్తావు, మనుషులు దొరుకుతున్నారా" అని అడిగారు. మావయ్య చెప్పాడు. ఇద్దరూ మినుముల సంగతి మాట్లాడుకున్నారు. అమ్మ లోపలికెళ్లి ఇద్దరికీ ఒకేసారి కంచాలు పెట్టింది.

మరుసటేడు నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. విశాలాంధ్ర కావాలని అందరికంటే ముందు గొంతు చించుకున్నది తామే అని మావయ్య ఊరంతా బెల్లం పంచాడు. 1964లో పార్టీ రెండుగా చీలినప్పుడు మాత్రం ఆయన తట్టుకోలేకపోయాడు. అది ఈ రాత్రి చెప్పే ముచ్చట కాదులే.

అమ్మని ఇద్దరూ అడిగారు, నువ్వు ఎందులో వేశావని. నాన్నగారు ఒకసారి నవ్వుతూ, ఇంకోసారి కోపంగా. మావయ్య మంచం పట్టినప్పుడు చెయ్యి పట్టుకుని మరీ అడిగాడు. అమ్మ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో బియ్యం డబ్బాలో దాచుకున్న చిల్లర దగ్గర్నుంచి ఒంట్లో నలత దాకా తనదంటూ ఒక్క సంగతీ దాచుకోలేని మనిషి, ఆ చీటీ సంగతి మాత్రం తనతోనే ఉంచుకుంది. "ఆఫీసరు చెప్పొద్దన్నాడు" అనేది, నలభై ఏళ్ల తర్వాత కూడా.

నేను మొదటిసారి వేసింది 1967లో. అప్పటికి పెట్టెలు పోయి కాగితం మీద గుర్తులూ ముద్రా వచ్చాయి. ఇంటికొచ్చాక మీ తాతయ్య ఎవరికి వేశావన్నారు. ఆయన పోయేదాకా అడుగుతూనే ఉన్నారు పాపం, ప్రతి ఎలక్షన్‌కీ.

నువ్వు అడిగినా చెప్పనురా. పొగ ఇటు తిరిగింది, చిన్నాణ్ణి నా పక్కకి తీసుకురండి.