తక్కువ బడ్జెట్‌లో జపాన్ పెర్ఫార్మెన్స్ కారు: కొనేముందు తెలుసుకోవలసినవి

జపాన్ పెర్ఫార్మెన్స్ కార్లు అనగానే నిస్సాన్ స్కైలైన్, టయోటా సుప్రా పేర్లు స్ఫురిస్తాయి. అయితే వాడిన కార్ల దిగుమతిపై భారతదేశంలో కఠినమైన నిబంధనలున్నాయి. తయారై మూడేళ్లు దాటిన కారును సాధారణంగా దిగుమతి చేసుకోవడానికి వీలులేదు. సుంకాలూ భారీగానే ఉంటాయి. అందువల్ల పరిమిత బడ్జెట్ గల ఔత్సాహికులు దేశంలోనే విక్రయమైన పాత జపాన్ మోడళ్లను ఎంచుకుంటున్నారు.

వీటిలో 2000లో వచ్చిన హోండా సిటీ 1.5 వీటెక్ ప్రసిద్ధమైనది. నాటి సెడాన్లలో 106 హార్స్‌పవర్ తక్కువేమీ కాదు. చెన్నై సమీపంలోని తిరువళ్లూరులో తయారైన రెండు లీటర్ల మిత్సుబిషి లాన్సర్ సెడియాకు మలుపుల్లో నిలకడగా సాగే కారని పేరుంది. కానీ ఆ సంస్థ కార్లు దేశంలో ఇప్పుడు అమ్మకంలో లేవు గనుక విడిభాగాల కోసం వెతుకులాట తప్పదు. రోజువారీ వాడకానికి 2006 నుంచి 2013 వరకు విక్రయమైన 1.8 లీటర్ల హోండా సివిక్ మేలైన ఎంపిక. దాని ఎత్తు తక్కువ. మన స్పీడు బ్రేకర్లు దాని అడుగుభాగాన్ని విడిచిపెట్టవు.

సివిక్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ఉంటుంది. సిటీ వీటెక్, సెడియాలలో ఉండేది బెల్టు. అది తెగితే వాల్వులు దెబ్బతిని, మరమ్మతు ఖర్చు కారు ధరతో పోటీపడవచ్చు. బెల్టు మార్చినట్లు బిల్లు లేకపోతే, మార్చలేదనే భావించి ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించుకోవడం వివేకం. ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. నీలిరంగు పొగ ఇంజిన్ ఆయిల్ మండుతోందనడానికి సూచన.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎయిర్‌బ్యాగ్. జపాన్ సంస్థ తకాటా తన ఇన్‌ఫ్లేటర్లలో అమోనియం నైట్రేట్‌ను వాడింది. ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురైతే ఆ రసాయనం క్షీణిస్తుంది. అప్పుడు ప్రమాద సమయంలో ఇన్‌ఫ్లేటర్ అతి తీవ్రతతో పేలి, లోహపు ముక్కలు ప్రయాణికులపైకి దూసుకువస్తాయి. ఈ లోపం వల్ల పలు దేశాల్లో మరణాలు సంభవించాయి. సంస్థ 2017లో దివాలా తీసింది. భారత్‌లో సిటీ, సివిక్, అకార్డ్ సహా పలు హోండా కార్లను వెనక్కు పిలిపించి ఆ భాగాన్ని ఉచితంగా మార్చారు. ఎండకూ ఉక్కపోతకూ పేరుపడిన కోస్తా ఆంధ్రలో తిరిగిన కారు విషయంలో ఈ పరిశీలన మరింత అవసరం. కారు చేతులు మారినప్పుడు రీకాల్ సమాచారం కొత్త యజమానికి చేరకపోవచ్చు. కనుక చాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లోగానీ అధీకృత సర్వీస్ కేంద్రంలోగానీ స్వయంగా నిర్ధారించుకోవాలి.

ఇక పత్రాల సంగతి. సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. తరువాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఈ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో దానిని 10,000 రూపాయలు చేశారు. ఢిల్లీ వంటి చోట్ల పాత వాహనాలపై ఆంక్షల కారణంగా అక్కడి కార్లు చవకగా దొరుకుతాయి. వాటిని హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చుకునేవారు నిరభ్యంతర పత్రంతోపాటు ఇక్కడి జీవితకాల పన్నునూ లెక్కలో చేర్చుకోవాలి. చాలామంది బేరం చేసే ఉత్సాహంలో మరిచేది ఈ పన్నునే.

పెద్ద శబ్దం చేసే సైలెన్సర్లు, మార్చిన ఇంజిన్లు అమ్మకందారులకు ఆకర్షణ కావచ్చు. అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ఆ భారం కొత్త యజమానికి సంక్రమిస్తుంది. కొనుగోలు పూర్తయిన 30 రోజుల్లోగా యాజమాన్య బదిలీకి, 14 రోజుల్లోగా బీమా పత్రంలో పేరు మార్పునకు దరఖాస్తు చేసుకోవాలి.