నంది కొండకు ఫిరంగి బండ్లు

బెంగళూరులో సెలవు దొరికితే జీపులు వేసుకుని ఊరి బయటి గుట్టల దారి పట్టేవాళ్ళు ఈ రోజుల్లో చాలామంది ఉన్నారు. తారురోడ్డు దిగేముందు టైర్లలో గాలి కాస్త తగ్గిస్తారు. బండి దిగబడితే లాగడానికి గట్టి తాడు వెంట ఉంచుకుంటారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతోందో లేదో చూసుకుంటారు. వాళ్ళకది సరదా. కాని శ్రోతలారా, ఇదే నేల మీద ఒకప్పుడు ఒక రాజ్యం తలరాత బండ్లు కదలడం మీదే ఆధారపడింది.

1791 ఫిబ్రవరి. ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలీస్ టిప్పు సుల్తాను మీదికి బయలుదేరాడు. నిజాము, మరాఠాలు కంపెనీ పక్షం. ఆంబూరు వైపు వెళుతున్నట్టు నటించి, అతడు మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరాడు. చిత్తూరు నుంచి బెంగళూరుకు బస్సులో వెళ్ళేటప్పుడు మీరు ఎక్కే ఘాటు అదే. కోలారు, హొసకోట మీదుగా వచ్చి మార్చి 21న బెంగళూరు కోట పట్టుకున్నాడు.

మే నెలలో శ్రీరంగపట్నం మీదికి నడిచాడు. అరకెరె దగ్గర యుద్ధంలో గెలిచాడు కూడా. అయితే ఏం లాభం? దారి పొడుగునా గడ్డీ గింజా టిప్పు మనుషులు ముందే తగలబెట్టారు. పైన వాన, కింద బురద. ఎద్దులు వేలల్లో చచ్చాయి. పెద్ద ఫిరంగులను సిపాయిలే తాళ్ళు కట్టి లాగవలసి వచ్చింది. చివరికి తన కోట ఫిరంగులను తానే పగలగొట్టించి వెనుదిరిగాడు. టిప్పు సైన్యం చేయలేని పని మేత లేకపోవడం చేసింది.

ఆ తరువాతి ఎనిమిది నెలలూ సన్నాహమే. తమిళ దేశం నుంచి సామాన్లు రావడానికి రాయకోట పట్టుకుని దారి తెరిచారు. లంబాడీలు ఎద్దుల బారుల మీద ధాన్యం తెచ్చారు. వెనక ఉన్న కొండ కోటలను ఒక్కొక్కటే తీసుకున్నారు.

వాటిలో నందిదుర్గం చూడండి. ఎత్తు సుమారు 4,850 అడుగులు. ఫిరంగులకోసం కొండవాలున కొత్తగా దారి తొలిచారు. ఎద్దులు ముందునుంచి లాగితే, ఏనుగు వెనకనుంచి నుదురు ఆనించి తోసేది. చక్రం గుంటలో పడితే తొండంతో ఎత్తేది. ముందూ వెనకా బలం అందే బండి మనకు జీపులతోనే వచ్చిందనుకోకండి! అక్టోబరు 19న ఆ కోట పడింది. మాగడి దగ్గరి సావనదుర్గంలో కొండతో పాటు వెదురు అడవి కూడా అడ్డం. అడవి నరికి, రాళ్ళ మీదుగా ఫిరంగులను ఈడ్చుకెళ్ళారు. ఒక్కొక్క పెద్ద ఫిరంగి బరువు రెండున్నర టన్నులకు తక్కువ కాదు. డిసెంబరు 21న అదీ పోయింది.

ఇందులో ఒక చిత్రముంది. ఫిరంగి లాగే పశువుల విషయంలో మైసూరుదే పై చేయి. అమృత మహల్ ఎద్దులు వడిగా నడవడంలో పేరుపడ్డాయి. వాటిని సాకడానికి సర్కారు ప్రత్యేకంగా ఒక శాఖనే నడిపేది. 1799లో టిప్పు మరణించాక కంపెనీవారు ఆ మందలను స్వాధీనం చేసుకుని తమ ఫిరంగులకు కట్టుకున్నారు.

1792 ఫిబ్రవరిలో కారన్‌వాలీస్ ఫిరంగులు మళ్ళీ శ్రీరంగపట్నం చేరాయి. ఈసారి ఎద్దులు నిలిచాయి. మార్చిలో జరిగిన సంధిలో టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు. కుమారులిద్దరిని జామీనుగా పంపాడు. అలా వదులుకున్న సీమలో కడప నిజాము వాటాకు వచ్చింది. 1800లో నిజాము దానిని కంపెనీకి ధారాదత్తం చేశాడు. మన పెద్దలు దత్తమండలం అన్నది అందుకే.