జ్వరము తగ్గిన తరువాత కన్ను

ఎర్రగడ్డ నుండి అమీరుపేట మీదుగా బేగంపేటకు ఎంతో దూరము లేదు. ఆ బేగంపేటలోనే 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. దోమకును జ్వరమునకును గల చుట్టరికము ఆనాడు బయటపడెను. నేడు మేము ముచ్చటింపబోవునది మరియొక దోమ తెచ్చు మరియొక జ్వరమును గూర్చి. అది కంటికి చేయు కీడును గూర్చి.

1952-53లో తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకాలో కీళ్ళను పీడించు జ్వరమొకటి చెలరేగెను. నొప్పికి నడుము వంగిపోయిన రోగులను చూచి అచటి మకొండే జనులు దానిని చికున్‌గున్యా అనిరి. రోగుల నెత్తుటి నుండి ఆ వైరసును వేరుచేసిన శాస్త్రజ్ఞుని పేరును రాసే; ఇతడు ఆర్.డబ్ల్యూ. రాస్. ఆఫ్రికా అడవులలో ఈ వైరసునకు కోతులు ఆటపట్టు. అడవి దోమలు దానిని మనిషికి అంటించును. ఊళ్ళలో మాత్రము పగటివేళ కుట్టు ఏడిస్ దోమ ఒకరి నుండి మరియొకరికి మోయును.

మన దేశమున ఇది 1963లో కలకత్తాలో కనిపించెను. 1965లో విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరములను పట్టెను. 1973 పిమ్మట మాటుమణిగి, 2005 చివర ఆంధ్రదేశమున మరల తలయెత్తెను. 2006లో దేశమంతట 13 లక్షలకు పైబడిన జనము ఈ జ్వరపీడితులని అనుమానింపబడిరి.

అపుడే దక్షిణదేశపు నేత్రవైద్యులు ఒక సంగతి గమనించిరి. జ్వరము తగ్గి, రోగి లేచి తిరుగుచున్న కొన్ని వారములకు కన్ను ఎఱ్ఱబారును, లేదా చూపు మసకబారును. కొందరికి కనుపాప చుట్టు పొర వాచును. కొందరికి కంటి లోపలి తెరయగు రెటీనా, మరికొందరికి చూపునరము దెబ్బతినును. మధుర, బెంగుళూరు వైద్యులు 2007, 2008లలో ఈ విషయమును వైద్యపత్రికలలో ప్రకటించిరి. పెక్కురకు చూపు తిరిగి కుదుటపడును. రెటీనాయో, నరమో చెడినచో కొందరకు పూర్తిగా తిరిగి రాదు.

చిక్కు ఇచటనే యున్నది. ఇంటిల్లపాది కీళ్ళనొప్పులకు కాపడము పెట్టుచుందురే గాని కంటి మాట తలపరు. అవ్వకు చూపు తగ్గిన, "వయసు మీదపడినది కదా" యని ఊరకుందురు. రెండవ రోగము మొదటిదాని తోకపట్టుకొని వచ్చినదని ఎవరికి తోచును? కావున చికున్‌గున్యా వచ్చిపోయిన వారి చూపును రెండుమూడు నెలలు కనిపెట్టియుండుడు. మసక తోచినయెడల సొంతముగా చుక్కలు వేయక, జ్వరము సంగతి దాచక, నేత్రవైద్యునికి చూపుడు.

వారమునకొకమారు తొట్టిలోని నీరు పారబోసి, తొట్టిని తోమి ఆరబెట్టుట మరువకుడు. బేగంపేటలో రాస్ నేర్పిన పాఠములో ఆ సగము మన పెరటి పనియే గదా!