ప్రాణవాయువునకు మోతాదు

ఉద్దానపు కొబ్బరితోటల నడుమనున్న కవిటి ప్రాంతమున ఆయాసమన్న మాట ఇంటింటికి తెలిసినదే. మూత్రపిండములు చెడినవారి ఒంటిలో నీరు వెలికిపోక, ఊపిరితిత్తులకు చేరి ఊపిరాడనీయదు. అట్టివారిని ఆసుపత్రికి చేర్చి ముక్కునకు గొట్టము తగిలించినంతనే, “ప్రాణవాయువు పెట్టినారు, ఇక భయము లేదు” అని మనము ఊరడిల్లుదుము. ఆ నమ్మకము ఎంతవరకు తగినదో ఆ వాయువు చరిత్రనే అడుగుదము.

1774లో ఈ వాయువును పట్టి పరీక్షించిన జోసెఫ్ ప్రీస్ట్లీకి ఆదిలోనే ఒక సందేహము కలిగెను. ఇందులో కొవ్వొత్తి త్వరగా కరిగిపోవుచున్నది. కావున ఇది రోగికి మందైనను, ఆరోగ్యవంతుని ఆయువును కూడ అట్లే హరించునేమో యని ఆయన తలంచెను. ఆ హెచ్చరికను వైద్యలోకము చిరకాలము మరచినది. 1917లో హాల్డేన్, యుద్ధమున విషవాయువు పీల్చిన సైనికుల కొరకు, దీనిని కొలిచి ఇచ్చు పద్ధతిని వివరించెను.

కొలత మరచినందుకు మూల్యము చెల్లించినవారు పసికందులు. 1940 తరువాత నెలలు నిండని బిడ్డలను వెచ్చని పెట్టెలలో నుంచి, ధారాళముగా ప్రాణవాయువు నిచ్చిరి. ప్రపంచమున సుమారు 10,000 మంది శిశువులు చూపు కోల్పోయిరి. 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ కాంప్‌బెల్ దోషము ఎక్కడున్నదో శంకించెను. 1953-54లో అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి జరిపిన పరీక్ష దానిని రుజువు చేసెను. అంతట వైద్యులు బెదరి మరీ తగ్గించిరి. ఆ లోటువలన మరికొందరు శిశువులు మరణించిరి.

పెద్దలకును ఇదే న్యాయము. ఏండ్లతరబడి పొగవలన ఊపిరితిత్తులు చెడినవారికి అతిగా ఇచ్చినచో, రక్తమున బొగ్గుపులుసు వాయువు పేరుకొని మగత కమ్మవచ్చును. అందుకే 1960లో మోరాన్ కాంప్‌బెల్ నిర్ణీతపాళ్ళలో ఇచ్చు ముసుగును రూపొందించెను. 2008లో బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ, రక్తమున ప్రాణవాయువు సామాన్యరోగికి నూటికి 94–98, ఇట్టివారికి 88–92 ఉండవలెనని గురి పెట్టి, ఆ గురిని మందుల చీటీలో వ్రాయవలెనని నిర్దేశించెను.

2021లో ఈ పాఠము మన ముంగిటికే వచ్చినది. ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారమునుండి తొలి ప్రాణవాయు రైలు మహారాష్ట్రకు కదలినది. మే 10న తిరుపతి ఆసుపత్రిలో సరఫరాకు అంతరాయము కలిగి 11 మంది మరణించిరి. కొరత దినములలో ఒకరికి అక్కరకు మించి వదలిన వాయువు, మరియొకరి ఊపిరిలోని భాగమే గదా!

2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ రోగులకై 200 పడకల ఆసుపత్రి తెరువబడినది. కవిటినుండి అచ్చటికి చేరువరకు ప్రాణవాయువు రోగికి ఊతము. ఊపిరితిత్తులలోని నీటిని తీయునది మాత్రము డయాలిసిస్. కావున మంచము ప్రక్కన నిలిచిన మనము “గాలి పెట్టినారా?” అని మాత్రమే అడిగి ఊరకుండరాదు. నిమిషమునకు ఎన్ని లీటర్లు, ఏ గురికి, మరల ఎప్పుడు చూతురు అని వినయముగా అడుగుదము. చీటీపై ఆ మూడును వ్రాసియున్ననాడే ప్రాణవాయువు మందగును.